త్యాగరాయ నగరము: ఒక్క అక్షరమున దాగిన చరిత్ర

నెల్లూరు, చిత్తూరు జిల్లాలనుండి పెండ్లిచీరలకును బంగారమునకును చెన్నపట్టణము వచ్చు తెలుగు కుటుంబములలో ‘టీ నగరు’ను ఎరుగనివారు అరుదు. తెల్లవారుజామున రైలు దిగి, పానగల్ పార్కు చుట్టునుగల అంగళ్లలో పగలంతయు గడపి, సందెవేళకు మూటలతో తిరుగుదారి పట్టుట వారికి తరతరముల వాడుక. అయినను ఆ ‘టీ’ అను అక్షరము ఎవరి పేరునకు గురుతు అని అడిగినచో తడుముకొనకుండ చెప్పగలవారు కొలదిమంది మాత్రమే. అడుగబడినవారిలో పెక్కుమంది తిరువయ్యారు త్యాగరాజస్వామివారి పేరు చెప్పుదురు. ఇది పొరపాటే కాని, తెలుగువారు మాత్రమే చేయదగిన ముచ్చటైన పొరపాటు. ఈ పొరపాటునకు తగిన కారణమొకటి ఆ పేటలోనే వెలసియున్నది. దాని ప్రసక్తి ముందు రాగలదు.

ఆ అక్షరము సర్ పిట్టి త్యాగరాయ చెట్టిగారిది. ఆయన ఆ పేటలో కాపురముండలేదు. పేట రూపుదిద్దుకొనుచుండగనే, 1925 ఏప్రిల్ 28వ తేదీన, డెబ్బదిమూడేండ్లు నిండిన మరునాడు, పరమపదించెను. ఉత్తర చెన్నపట్టణమున మగ్గముల నడుమ పుట్టి పెరిగిన ఒక తెలుగు దేవాంగుని పేరు, ఆ మగ్గములకు ఎంతో దూరమున దక్షిణదిక్కున వెలసిన సంపన్నుల పేటకు ఎట్లు వచ్చెనో, వచ్చినది ఎట్లు అరిగిపోయెనో తెలిసికొనుటకు ముందు ఆ నేలను గూర్చి కొంత చెప్పవలసియున్నది. నూరేండ్ల క్రిందట అది నేల కాదు, నీరు.

నేడు అణ్ణాశాలై అని పిలువబడు మౌంటురోడ్డునకు పడమటిదిక్కున, నుంగంబాకము మొదలుకొని సైదాపేట చేరువవరకు, నెలవంకవలె వంగిన నిడుపైన చెరువొకటి ఉండెడిది. ఆంగ్లేయులు దానిని ‘లాంగ్ టాంక్’ అనిరి. ఉత్తరపు భాగమునకు నుంగంబాకము చెరువనియు, దక్షిణపు భాగమునకు మైలాపూరు చెరువనియు వాడుక. మైలాపూరునకు అంత పడమటగానున్న చెరువునకు ఆ ఊరి పేరేల అని సందేహము కలుగవచ్చును. చెరువునకు ఊరిపేరు దాని గట్టుమీద ఎవరున్నారను విషయమునుబట్టి రాదు. దాని నీరు ఎవరి పొలమునకు పారుచున్నదను విషయమునుబట్టి వచ్చును. ఈ చెరువు తూముల క్రింది ఆయకట్టు తూర్పున మైలాపూరు దిక్కునకు పరచుకొనియుండెను. మౌంటురోడ్డులో చాల భాగము ఈ చెరువు తూర్పుకట్టను ఆనుకొని సాగినదే. నేడు ఆ మార్గమున పోవు బస్సులలో కూర్చున్నవారు ఒకప్పటి చెరువుకట్ట ప్రక్కగా పోవుచున్నారనుట అతిశయోక్తి కాదు.

పట్టణము పెరిగినకొలది ఆయకట్టు పొలములు తోటలైనవి, తోటలలో దొరల బంగళాలు లేచినవి. తడుపుటకు పొలము లేనపుడు చెరువునకు కావలి లేదు. పూడిక తీయువారు లేరు. వేసవిలో ఎండి పశువులు తిరుగు బయలగును. అట్టి చెరువు ప్రభుత్వపు కంటికి ఖాళీస్థలముగ కనబడుటలో వింత లేదు. మరియొక వంక, కోటకు ఉత్తరమున నున్న జార్జిటౌనులో ఇండ్లు ఒకదానిపైనొకటి పడుచున్నట్లుండెను. ఉద్యోగులు, వకీళ్లు, వర్తకులు గాలివెలుతురు గల ఇండ్లకై వెదకుచుండిరి. 1918లో లాంచెస్టరు అను ఆంగ్లేయ వాస్తుశాస్త్రజ్ఞుడు చెన్నపట్టణపు నగర నిర్మాణమునుగూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. 1920లో చెన్నరాజధానిలో నగర నిర్మాణ చట్టము వచ్చెను. ఆ చట్టపు బలముతో 1920వ దశకమున మాంబళము గ్రామపు చెరువు వంకను నీరు తోడించి, మన్ను నింపి, వీధులు కొలిచి కొత్తపేటను వేయనారంభించిరి. నడుమ ఒక ఉద్యానము, దానినుండి చక్రపు ఆకులవలె నలుదిక్కులకు సాగు వెడల్పైన మార్గములు, అక్కడక్కడ చిన్న తోటలు: ఇది దాని ఏర్పాటు. బీచి స్టేషనునుండి తాంబరమువరకు పోవు మీటరుగేజి మార్గమున 1931లో విద్యుచ్ఛక్తి రైళ్లు నడచుటతో, మాంబళము స్టేషనులో దిగి ఇల్లు చేరు గుమాస్తాకు కూడ ఈ పేట అందుబాటులోనికి వచ్చెను. రైలుకట్టకు తూర్పున త్యాగరాయనగరము, పడమట పశ్చిమ మాంబళము. కలవారికి తూర్పు, మధ్యతరగతివారికి పడమర అను విభాగము చిరకాలము నిలిచియుండెను.

ఇక పేరుగల మహనీయుని సంగతి. త్యాగరాయ చెట్టిగారు 1852 ఏప్రిల్ 27న కొరుక్కుపేటలో తెలుగు మాటలాడు దేవాంగ కుటుంబమున జన్మించిరి. ఆ ప్రాంతమును ఆనుకొనియున్న చాకలిపేట, కుంఫిణీవారి బట్టలవ్యాపారముతో పుట్టిన పేట. ఎగుమతికి పోవు గుడ్డలను చలువచేయు చాకళ్లవలన దానికా పేరు వచ్చెను. చెన్నపట్టణము బ్రతికినది బట్టమీద. ఆ బట్ట నేసినవారిలోను, ఉతికినవారిలోను, బేరములాడినవారిలోను తెలుగువారు మొదటినుండియు ఉండిరి. త్యాగరాయ చెట్టిగారు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి 1876లో పట్టభద్రులైరి. ఆ రోజులలో పట్టభద్రునకు సర్కారు కొలువు తలుపు తెరచియుండెను. ఆయన ఆ తలుపు త్రొక్కక, కులవృత్తియైన నేతను వదలక, వర్తకమున దిగిరి. చేతిమగ్గమున నేతగాని శ్రమను తగ్గించి, దినమునకు నేయు గజములను పెంచు ఫ్లైషటిల్ పద్ధతిని తమ నేతశాలలో ప్రవేశపెట్టి ఇతరులకు మార్గము చూపిరి. 1909లో స్వదేశ వర్తకులు నెలకొల్పుకొన్న దక్షిణభారత వర్తకసంఘమునకు ప్రథమాధ్యక్షులైరి. చాకలిపేట ప్రాంతమున ఆయన నాటిన విద్యాలయము పెరిగి, సర్ త్యాగరాయ కళాశాలగా నేటికిని నిలిచియున్నది.

1882లో ఆయన పట్టణ పురపాలకసంఘ సభ్యులైరి. నలుబదియేండ్లకు పైగా ఆ సభలో మెలగిరి. సర్కారు ఉద్యోగికాక, ఎన్నికద్వారా ఆ సంఘమునకు అధ్యక్షుడైన మొదటివారు ఆయనయే. ఆయన అధ్యక్షతనున్న రోజులలో, 1920లో, థౌజండ్ లైట్స్ ప్రాంతమునగల పురపాలక పాఠశాలలో పేదపిల్లలకు మధ్యాహ్నపు భోజనము పెట్టుటకు సంఘము నిశ్చయించెను. దినమునకు బిడ్డ ఒక్కటికి ఒక అణాకు మించరాదని కట్టడి. తమిళనాడునందు పిదప ఎందరో ముఖ్యమంత్రులకు కీర్తి తెచ్చిన బడిభోజన పథకమునకు విత్తనమెక్కడ పడినదో చూడవలెనన్న, ఆ అణా లెక్క చూడవలెను. ఆయన సేవలన్నింటిలో దీనికే మొదటిస్థానము ఇయ్యదగియున్నది. జస్టిస్ పార్టీ నాయకుడను పేరు మాత్రము దీనికన్న ఎక్కువగ వినబడుచున్నది.

ఆ పార్టీ, అనగా దక్షిణభారత ఉదారసంఘము, 1916 నవంబరులో పుట్టెను. స్థాపకులు ముగ్గురు: త్యాగరాయ చెట్టిగారు తెలుగువారు, డాక్టరు టి. ఎం. నాయరు మలయాళి, డాక్టరు సి. నటేశ మొదలియారు తమిళులు. బ్రాహ్మణేతరులకు విద్యోద్యోగములలో పాలు కావలెనన్నది వారి వాదము. దానిలోని మంచిచెడ్డలు ఈ వ్యాసమునకు విషయము కావు. 1920 ఎన్నికలలో ఆ పార్టీ గెలువగా, మంత్రివర్గము నేర్పరచుటకు త్యాగరాయ చెట్టిగారికి పిలుపు వచ్చెను. ఆయన వలదనిరి. సుబ్బరాయలు రెడ్డియారు కొలదినెలలు ప్రధానమంత్రిగా నుండి తప్పుకొనగా, 1921 జూలైలో శ్రీకాళహస్తికి చెందిన పానగంటి రామరాయణింగారు ఆ పదవి చేపట్టి 1926 డిసెంబరువరకు నిర్వహించిరి. పానగల్ రాజాగా ప్రసిద్ధులు వీరే. ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు జన్మమిచ్చిన 1926 నాటి చట్టము వీరి కాలముననే వచ్చెను. కొత్తపేట పెరిగినదియు వీరి కాలముననే. అందుచేత పేటకు త్యాగరాయ చెట్టిగారి పేరును, నడుమనున్న ఉద్యానమునకు పానగల్ రాజాగారి పేరును కలిగినవి.

ఇక్కడ ఒక సంగతిని దాచక చెప్పవలసియున్నది. ఆ మొదటి మంత్రివర్గమున పానగల్ రాజాగారితోపాటు ఉండిన ఇరువురు మంత్రులును తెలుగువారే: ఒకరు కూర్మా వెంకటరెడ్డినాయుడుగారు, వేరొకరు బరంపురమువారైన అన్నెపు పరశురామదాసు పాత్రోగారు. ముగ్గురు మంత్రులును తెలుగువారగుట తమిళసభ్యులకు కంటగింపయ్యెను. పార్టీలోనే ఫిర్యాదులు వచ్చినవి. 1923 ఎన్నికల పిదప వెంకటరెడ్డినాయుడుగారి స్థానమున శివజ్ఞానం పిళ్లగారు మంత్రియైరి. ముప్పది సంవత్సరముల తరువాత పట్టణమెవరిదను వివాదముగ చెలరేగిన నిప్పు, అప్పుడే పొగ చూపినదని తోచుచున్నది.

అట్లని త్యాగరాయనగరమును తెలుగువారి పేట అని చెప్పుట చరిత్రకు న్యాయము కాదు. ఆ వీధులపేర్లే దానికి సాక్ష్యము. ఉద్యానమునకు ఉత్తర దక్షిణములుగ సాగు ఉస్మాన్ రోడ్డు సర్ మహమ్మదు ఉస్మాన్‌గారిది. తంజావూరు సీమకు చెందిన ఈ హకీముగారు పురపాలకసంఘాధ్యక్షులై, 1934లో కొంతకాలము రాజధానికి తాత్కాలిక గవర్నరుగా కూడ ఉండిరి. హబీబుల్లా రోడ్డు మరియొక ముస్లిం ప్రముఖునిది. డాక్టరు నాయరు రోడ్డు 1919లో లండనులో మరణించిన మలయాళీ స్థాపకునిది. నటేశన్ పార్కు తమిళ స్థాపకునిది. వెంకటనారాయణ రోడ్డు పురపాలక కమిషనరుగా ఉండిన జె. వెంకటనారాయణ నాయుడుగారిది. జి. ఎన్. చెట్టి రోడ్డు గోపతి నారాయణస్వామి చెట్టిగారిది. ఒక పార్టీవారి సభాభవనములో ఎవరెవరు కూర్చుండిరో తెలియవలెనన్న, ఈ పేట పటము చాలును. తెలుగు, తమిళము, మలయాళము, ఉర్దూ ఇంటిలో మాటలాడినవారు ఇన్ని వీధులై ఒక ఉద్యానమువద్ద కలిసికొనుచున్నారు. ఆ కాలపు చెన్నరాజధాని స్వరూపమును ఇంత తేటగా చూపు పేట ఆ పట్టణమున వేరొకటి లేదు.

ఈ పేర్లకు పట్టిన గతి విచిత్రమైనది. త్యాగరాయ నగరము ‘టీ నగర్’ అయ్యెను. గోపతి నారాయణస్వామిగారు ‘జి. ఎన్.’ అయిరి. ఉద్యానమునుండి తూర్పునకు పోవు త్యాగరాయ రోడ్డునందలి బజారునకు డబ్ల్యు. పి. ఎ. సౌందరపాండ్య నాడారుగారి పేరున సౌందరపాండ్యన్ అంగడి అని పేరు. అది జనుల నోట ‘పాండీ బజారు’గా మిగిలెను. పుదుచ్చేరినుండి వచ్చిన వర్తకులవలన ఆ పేరు వచ్చినదని వేరొక మాటయు కలదు. ఏది నిజమైనను, నేడు అందు తిరుగువారిలో పెక్కురు అది పుదుచ్చేరి సరుకు అమ్ము బజారనియే తలచుచున్నారు. 1970వ దశకము చివర వీధులపేర్లనుండి కులనామములను తీసివేయు పద్ధతిని ప్రభుత్వము అవలంబించినపుడు, ఉద్దేశము మంచిదే యైనను, పలకలమీద మిగిలిన పొడి అక్షరములు ఎవరివో తెలియకపోయెను. తీసివేసిన కులనామములకు బదులు పూర్తి పేరు వ్రాసియున్నచో ఈ నష్టము కలుగకపోయెడిది.

1940వ దశకమునాటికి పేటలో చెట్లు పెరిగి నీడ పడెను. విశాలమైన ఆవరణములలో బంగళాలు లేచినవి. అప్పుడే చలనచిత్రరంగము చెన్నపట్టణమున స్థిరపడుచుండెను. స్టూడియోలు వడపళని, కోడంబాకములలో. నటీనటుల ఇండ్లు త్యాగరాయనగరములో. వీరిలో ఈ పేటకు శాశ్వతమైన కట్టడమును ఇచ్చినవారు చిత్తూరు నాగయ్యగారు. 1945 ప్రాంతమున ఆయన త్యాగబ్రహ్మ గానసభను నెలకొల్పి, జి. ఎన్. చెట్టి రోడ్డున దానికి వాణీమహలు అను భవనమును ఏర్పరచిరి. 1946లో త్యాగయ్య చిత్రమున స్వామి పాత్రను ధరించిరి. తెలుగులో పాడిన వాగ్గేయకారుని పేర తెలుగునటుడు నెలకొల్పిన సభ, తెలుగు వర్తకుని పేరుగల వీధిలో, తెలుగు దేవాంగుని పేరుగల పేటలో వెలసెను. త్యాగరాజు, త్యాగరాయడు అను రెండు పేర్లు ఇక్కడ కలిసిపోవుటలో ఆశ్చర్యమేమి? తిరువొత్తియూరులో వెలసిన శివునకును త్యాగరాజని పేరు. ఉత్తర చెన్నపట్టణమున ఆ పేరు బిడ్డలకు పెట్టుకొనుట కొత్త కాదు. అజ్ఞానమువలన పుట్టిన పొరపాటని తీసివేయుటకు వీలులేని పొరపాటిది.

1952లో పట్టణము రెండుగా చీలిన మనస్సుతో ఉండెను. చెన్నపట్టణమున పుట్టిన పొట్టి శ్రీరాములుగారు ఆ పట్టణముననే అక్టోబరు 19న నిరశనవ్రతము పూని డిసెంబరు 15 రాత్రి ప్రాణము విడిచిరి. ‘మదరాసు మనదే’ అను కేక ఒక వంక, మదరాసు మాది అను పట్టుదల మరియొక వంక. 1949లోనే నెహ్రూ, పటేలు, పట్టాభిగార్ల సంఘము పట్టణము లేని ఆంధ్రరాష్ట్రమునే సిఫారసు చేసియుండెను. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రము అవతరించెను. పోవువారు పోయిరి. త్యాగరాయనగరములోని తెలుగు కుటుంబములు మాత్రము చాలవరకు పోలేదు. వారికి అది ఇల్లు. పట్టణము ఏ రాష్ట్రమున నున్నదను ప్రశ్న ఇంటి గడపను మార్చదు. కాని ఆ వివాదమువలన ఒక నష్టము కలిగెను. పట్టణమును కోల్పోయితిమను బాధతో ఆంధ్రులు దాని చరిత్రను చదువుట మానిరి. పట్టణమును దక్కించుకొన్నవారికి దాని తెలుగు అధ్యాయములను జ్ఞప్తి చేసికొనవలసిన అవసరము కనబడలేదు. పిట్టి త్యాగరాయ చెట్టిగారి జ్ఞాపకము ఈ రెండింటి నడుమ పడిపోయెను. ఆంధ్రదేశమున ఆయన పేర వీధి వెదకవలెను. చెన్నపట్టణమున ఆయన భాష ఏదని అడుగువారిని వెదకవలెను.

చిత్రముగ, తెలుగువారికి ఈ పేట మిక్కిలి ప్రియమైనది రాష్ట్రము వేరైన పిదపనే. ఘంటసాల వేంకటేశ్వరరావుగారి ఇల్లు ఉస్మాన్ రోడ్డున. నందమూరి తారకరామారావుగారి ఇల్లు బజుల్లా రోడ్డున. తిరుపతి మ్రొక్కు తీర్చుకొని, గుండ్లతోనే బస్సులెక్కి బజుల్లా రోడ్డునకు వచ్చి, గేటువద్ద రాముని కృష్ణుని చూచిపోవు యాత్రికులు ప్రతిదినము ఉండెడివారు. పానగల్ పార్కు బల్లలు అవకాశములకై వచ్చిన రచయితలకు, పాటగాండ్రకు, వేషగాండ్రకు కచేరీ చావడులు. ఎవరికి పాట దొరికెను, ఎవరికి పూటకూలి యింట బాకీ పెరిగెను అను వార్తలన్నియు అచ్చటనే. 1970, 80 దశకములలో చిత్రపరిశ్రమ క్రమముగ హైదరాబాదునకు తరలెను. బంగళాలు అమ్ముడుపోయినవి, వాటి స్థానమున అంతస్థుల మేడలు లేచినవి. తెలుగు మాట మాత్రము పోలేదు. పట్టుచీర విప్పి పరచు అంగడి ఉద్యోగి నేటికిని వచ్చినవారి ముఖము చూచి, తమిళము మాని, “రండమ్మా” అనును. నేతగాని పేరు గల పేటలో జరుగు ముఖ్యవ్యాపారము చీరల వ్యాపారమగుట ఎవరును ఏర్పాటు చేసినది కాదు.

అక్కడి తెలుగుబిడ్డల సంగతి వేరు. తమిళము అందరికి విధిగా నేర్పు 2006 నాటి చట్టము పిదప, బడిలో తెలుగు చదువుకొను అవకాశము కుంచించుకొనిపోయెను. ఇంట తెలుగు మాటలాడి, తెలుగు అక్షరము గుర్తింపలేని తరము పెరుగుచున్నది. పేట పేరునుగూర్చి ఇంటిలో పెద్దలు చెప్పినగాని ఆ తరమునకు తెలియు మార్గము లేదు; ఇంటి పెద్దలకే తెలియనిచోట చెప్పునది ఎవరు?

మనుష్యులు మరచినదానిని నీరు మరువలేదు. 2015 డిసెంబరు వరదలలోను, తిరిగి 2021 నవంబరు వానలలోను త్యాగరాయనగరపు వీధులలో మోకాలిబంటి నీరు నిలిచెను. మాంబళము కాలువ పూడిపోయినదని, ఆక్రమణలు పెరిగినవని కారణములు చెప్పబడినవి. అవి నిజములే. కాని జి. ఎన్. చెట్టి రోడ్డున, పాండీ బజారున నిలిచిన ఆ నీరు నూరేండ్ల క్రిందటి తన చోటునకే వచ్చియుండెను. చెరువు ఉత్తరపు భాగమున మిగిలినచోటను 1976లో వళ్లువర్ కోట్టము లేచెను. పడమటి మాంబళమున మాత్రము ఒక వీధికి నేటికిని ‘లేక్ వ్యూ రోడ్డు’ అని పేరు, అనగా చెరువు కనబడు వీధి. ఆ వీధిలో ఏ వంక నిలిచి చూచినను మేడలే కనబడును.